రెండు కిలోల రాయి

పదో కాటా కూడా అదే అంకె చూపించింది.

తూనికలు కొలతల శాఖ ఇన్‌స్పెక్టరు మాసిలామణి తెల్లటి నూలు తొడుగులు వేసుకున్న చేతులతో రెండు కిలోల రాయిని పళ్లెం మధ్యలో దించి, చేతులు వెనక్కి తీసుకుని, ఊపిరి కూడా తగలకుండా మొహం పక్కకి తిప్పుకున్నాడు. రాయి అనడం అలవాటే గాని అది అద్దంలా మెరిసే ఉక్కు దిమ్మ. పైన పట్టుకోడానికి చిన్న గుబ్బ ఉంది. ఎర్రటి అంకెలు రెండుసార్లు వణికి నిలబడ్డాయి. ఒకటి పాయింటు తొమ్మిది తొమ్మిది అయిదు.

"అయిదు గ్రాములు తక్కువ," అని తనకి తానే చెప్పుకుంటూ గళ్ల కాగితంలో రాసుకున్నాడు. ఆయన చేతిరాత అచ్చు వేసినట్టుంటుంది. తరువాత కిలో రాయిని కూడా పక్కన పెట్టి మూడు కిలోలు చూశాడు. ఆ రెండూ తీసి అయిదు పెట్టాడు. అయిదు మీద ఒకటి, అయిదు మీద రెండు, చివరికి పది కిలోల రాయి ఒక్కటే. రాయి దించిన ప్రతిసారీ అంకెలు సున్నాకి వచ్చేదాకా ఆగి, అప్పుడు తరువాతి రాయి అందుకున్నాడు. తొమ్మిది కాటాలకి ఎంత ఓపికగా చేశాడో పదోదానికీ అంతే ఓపికగా చేశాడు.

బల్లకి ఇవతల పూంగోదై ఫైలు గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. ఏక్కాట్టుతాంగల్‌లో కొలత పరికరాలు దిగుమతి చేసుకునే అళగప్పన్ దగ్గర పదకొండేళ్లుగా కాగితాల పని ఆమెదే. సరుకు ఓడ దిగిన దగ్గర్నించి కస్టమ్స్‌వాళ్ల ప్రశ్నలకి జవాబులు చెప్పి, గోడౌనుకి చేర్చి, తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించేదాకా ఆమె ఎక్కని మెట్టు లేదు. ఈసారి వచ్చినవి పసిపిల్లల్ని తూచే కాటాలు, నూట ఇరవై. శుక్రవారం మధ్యాహ్నానికల్లా అవి పల్లెల్లో ఉన్న ఆరోగ్య కేంద్రాలకి చేరాలి. లేకపోతే ఆర్డరు రద్దు. ముద్ర పడకుండా ఒక్కటి అమ్మకానికి గోడౌను దాటినా నేరం.

ఇవాళ సోమవారం. మచ్చుకి తెచ్చిన పదీ పరీక్షలో పోయాయి.

"సార్, మోడల్ అప్రూవల్‌లో ఉన్న ఫొటో, ఇదీ ఒకటేనని మీరే చూశారు. మా రిజిస్ట్రేషన్ ఉంది. లేబుల్ మీద అడ్రసు, దిగుమతి అయిన నెల, అన్నీ..."

"కాగితాల్లో నేను తప్పు పట్టలేదమ్మా. నీ కాగితాల్లో ఎప్పుడూ తప్పుండదు. కాటా తప్పు చెబుతోంది."

"అయిదు గ్రాములే కద సార్."

మాసిలామణి తొడుగులు ఒక్కో వేలే లాగి తీశాడు. "రెండు కిలోల దగ్గర రెండున్నర గ్రాములు దాటకూడదు. పుట్టిన బిడ్డకి రోజుకి ఇరవై గ్రాములు పెరిగిందా పదిహేను పెరిగిందా అని చూస్తారు అక్కడ. ఇది బెల్లం తూచే కాటా కాదు." తిరస్కరణ మెమో తీసి, కార్బన్ పెట్టి, నిలబడే రాశాడు. లాటు మొత్తానికీ కలిపి ఒకటే మెమో. బాగుచేయించి తేవాలి, లేదా వచ్చిన దేశానికి తిప్పి పంపాలి.

ఆయనతో వాదించి లాభం లేదని రాయపురం నుంచి గిండీ దాకా ఈ వ్యాపారంలో ఉన్న అందరికీ తెలుసు. తాగే నీళ్లు కూడా ఇంటి నుంచి సీసాలో తెచ్చుకునే మనిషి. ఎవరి టీ తాగడు, ఎవరి బండి ఎక్కడు. ఇంక పద్దెనిమిది రోజుల్లో రిటైరవుతున్నాడు.

వరండాలో వాన తుంపర కొడుతోంది. విన్నపాల కోసం వచ్చినవాళ్లు కూర్చునే బెంచీ మీద సవరిముత్తు ఒక్కడే ఉన్నాడు. వ్యాసర్‌పాడిలో కాటాలు బాగుచేసే ముసలాయన. ఏడు వారాల కిందట ఆయన బాగుచేసిన కాటాలు పరీక్షలో పోయాయి. కావాలనే తేడా పెట్టాడని కేసు రాసి, లైసెన్సు ఆపేశారు. అప్పట్నించీ విన్నపాలు తీసుకునే సోమవారం, గురువారం వచ్చి, ఇస్త్రీ చొక్కాతో ఆ బెంచీ మీద కూర్చుని, సాయంత్రం లేచి వెళ్తాడు.

"నీవీ పోయాయా తల్లీ?" అని అడిగాడు.

"పదీ పోయాయన్నా."

"ఎక్కడ?"

"రెండు కిలోల దగ్గర."

సవరిముత్తు ఆమె మొహంకేసి ఒక్క క్షణం చూసి, తలదించుకుని తన అరచేతుల్ని చూసుకున్నాడు. "నావి తొమ్మిదీ అక్కడే పోయాయి," అన్నాడు.

ఫోను మోగింది. అళగప్పన్. పూంగోదై ఆ మాట పట్టించుకోకుండానే మెట్లు దిగిపోయింది.

*

"ఆయనకేం కావాలట?" అన్నాడు అళగప్పన్. మంగళవారం పొద్దున పది గంటలకే ఆయన చొక్కా వీపు తడిసి ఉంది.

"ఏమీ అక్కర్లేదు సార్. మీకు తెలుసు కదా."

"అలాంటివాళ్లతోనే మన చావు. తీసుకునేవాడైతే ఎంతో ఒకంత అని తేలుతుంది. వీళ్లకి ఏమిచ్చి తేల్చుకుంటాం?" కుర్చీలోంచి లేచి మళ్లీ కూర్చున్నాడు. "కంపెనీవాడు అక్కడ్నించి ఒట్టేస్తున్నాడు. ఒక్కోదాన్నీ మూడుసార్లు పరీక్ష చేసి పంపామంటున్నాడు. అది నిజమైతే నీ సార్ అబద్ధం. నీ సార్ నిజమైతే వాడు అబద్ధం. శుక్రవారం దాకా నాకీ ధర్మసందేహం దేనికమ్మా? ఏదో ఒకటి చెయ్యి."

ఏదో ఒకటి అంటే ఏమిటో ఆయనకీ తెలియదు. పూంగోదై గోడౌనుకి వెళ్లి అట్టపెట్టెల మధ్య స్టూలు వేసుకుని, తిరస్కరణ మెమోకి కుట్టిన గళ్ల కాగితం తొడ మీద పెట్టుకుంది. పది వరసలు, ఏడు గళ్లు. నిన్నట్నించి ఆమె దాన్ని పదిసార్లు చూసింది గాని, ప్రతిసారీ పోయిన గళ్లనే చూసింది. ఈసారి నిలిచిన గళ్లు చూసింది.

ఒకటి దగ్గర సరిగ్గా ఉంది. అయిదు, ఆరు, పది సరిగ్గా ఉన్నాయి. రెండు, మూడు, ఏడు పోయాయి.

జడలోంచి జారిన మల్లెపువ్వు కాగితం మీద పడితే తీసి పక్కన పెట్టింది. కాటా చెడితే ఏడు దగ్గర చెడి ఆరు దగ్గర ఎందుకు బాగుంటుంది? ఆరంటే అయిదూ ఒకటీ. ఏడంటే అయిదూ రెండూ. మూడంటే రెండూ ఒకటీ. ఆ రెండు కిలోల రాయి ఎక్కిన చోటల్లా అయిదు గ్రాములు మాయమవుతున్నాయి. అది ఎక్కని చోట ఏమీ కావడం లేదు.

ఆమె తెలుసుకున్నది తన సరుకుని కాపాడే మాటే. అయినా సంతోషం కలగలేదు. మాసిలామణి రాయి తప్పు అనడానికి ఆ ఆఫీసులో ఎవరికీ నోరు రాదు. ఆమె నోటికి మాత్రం ఎక్కణ్ణించి వస్తుంది?

అప్పుడు గుర్తొచ్చింది, నావి తొమ్మిదీ అక్కడే పోయాయి అన్న మాట.

షేర్ ఆటోలు రెండు మారి మధ్యాహ్నానికి వ్యాసర్‌పాడి చేరింది. సవరిముత్తు ఇల్లూ దుకాణమూ ఒకటే. ముందుగది షట్టరు మూసి ఉంది. పక్కసందులోంచి లోపలికి వెళ్తే ఆయన లుంగీతో నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు. ఆమెని చూసి గబగబా చొక్కా తొడుక్కున్నాడు.

"మీ షీటు ఒకసారి చూడాలన్నా."

ఎందుకని ఆయన అడగలేదు. ప్లాస్టిక్ సంచిలో మడత నలగకుండా దాచిన కాగితం తెచ్చి ఇచ్చాడు. అదే అచ్చు అక్షరాలు, ఏడు వారాల కిందటి తారీఖు. తొమ్మిది వరసలు. రెండు, మూడు, ఏడు. పూంగోదై తన కాగితం పక్కన పెట్టింది. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసినట్టున్నాయి.

"మీరు అప్పుడే చెప్పలేదా?"

"చెప్పాను తల్లీ. రాయి తేలిగ్గా ఉందయ్యా, నా చేతికి తెలుస్తోంది, ఒక్కసారి సరిచూసుకోండి అన్నాను."

"ఏమన్నారు?"

"ముప్పై ఏళ్లలో నాకు దొరికిన ప్రతి దొంగా రాయినే తిట్టాడు అన్నారు." సవరిముత్తు ఆ మాట కోపంగా అనలేదు. వాన పడింది అన్నంత మామూలుగా అన్నాడు. "అక్కడ పదిమంది ఉన్నారు. ఇరవై రెండేళ్లు ఆయన దగ్గరే ముద్రలు వేయించుకున్నాను. దొంగ అన్నాక ఇంకేం మాట్లాడతాం?"

లోపల్నించి ఆయన భార్య టీ తెచ్చింది. పాలు లేవు.

"ఇది నాకు ఒక్క రోజు ఇస్తారా అన్నా?"

"తీసుకెళ్లు. నా దగ్గరుండి ఏం చేస్తోంది?"

*

బుధవారం పొద్దున పరీక్షాశాల తెరవగానే వెళ్లింది. అటెండరు ఏకాంబరం బల్లలు తుడుస్తున్నాడు. మాసిలామణి రిజిస్టరులో ఏదో రాస్తున్నాడు. పూంగోదై రెండు కాగితాలూ ఆయన ముందు పక్కపక్కనే పెట్టింది.

"సార్, ఒక్క నిమిషం ఈ రెండూ చూడండి."

ఆయన కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇది సవరిముత్తు షీటు. నీ దగ్గరికెలా వచ్చింది?"

"నేనే అడిగి తెచ్చుకున్నాను సార్."

"అతని మీద కేసుంది. అతనితో నీకేం పని?"

"పని కాటాలతోనే సార్. పెన్సిల్‌తో గుండ్రం చుట్టినవి చూడండి. రెండు, మూడు, ఏడు. ఆయన కాటాలు వేరు, మావి వేరు. చేసిన దేశాలే వేరు. తప్పు మాత్రం ఒకే చోట."

"అంటే?"

ఏకాంబరం గుడ్డ ఆపి వింటున్నాడని వీపుకి తెలుస్తోంది. "రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే సార్."

మాసిలామణి పెన్నుకి మూత పెట్టాడు. "నా రాయిని అంటున్నావు."

"అంటున్నాను సార్."

ఆయన ఆ కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు. వేలితో గళ్లు ఒక్కొక్కటీ దాటుకుంటూ వెళ్లాడు, మొదట ఆమె షీటు మీద, తరువాత సవరిముత్తు షీటు మీద. పూంగోదై తిట్టుకి సిద్ధపడింది. ఆయన తిట్టలేదు. లేచి, తొడుగులు వేసుకుని, పెట్టెలోంచి రెండు కిలోల రాయి తీసుకుని, మొలతాడుకి కట్టిన తాళంచెవితో లోపలి గది తెరిచాడు. ఆ గది ఎప్పుడూ చల్లగా ఉంచుతారు. ఏడాదికొకసారి పై ఆఫీసుకి తీసుకెళ్లి సరిచూసుకొచ్చే అసలు రాళ్లు అక్కడ ఉంటాయి.

"నువ్వు గడప దగ్గరే ఉండు," అన్నాడు.

గాజు అరలో ఉన్న పెద్ద త్రాసు మీద అసలు రాయి పెట్టాడు. అంకె నిలిచాక, సరిగ్గా రెండు వేల గ్రాములు అని పైకే చదివాడు. అది దించి, తన రాయి పెట్టాడు. గడప దగ్గర్నించి పూంగోదైకి అంకెలు కనపడలేదు. ఆయన వీపు మాత్రం కనపడింది. రాయి దించి మళ్లీ పెట్టాడు. మళ్లీ దించి మళ్లీ పెట్టాడు. మూడోసారి తరువాత దాన్ని చేతిలోకి తీసుకుని గుబ్బ పట్టుకుని తిప్పాడు.

గుబ్బ సీసా మూతలా తిరిగింది. తిరగకూడనిది అది. దాని కింద చిన్న గుంట ఉంటుంది, బరువు సరిచేయడానికి సీసపు గుళ్లు పోసి, బిగించి, మీద ముద్ర వేస్తారు. ముద్ర లేదు. గుంట సగం ఖాళీగా ఉంది.

"ఏకాంబరం," అని పిలిచాడు. గొంతు పెంచలేదు. "ఈ గుబ్బ ఎవరు విప్పారు?"

ఏకాంబరం గడప దాకా వచ్చి ఆగిపోయాడు. "ఆయుధ పూజకి మెరుగు పెట్టమన్నారు కద సార్. గుబ్బ సందులో చిలుం ఉంటే విప్పి తోమాను. మళ్లీ గట్టిగానే బిగించాను సార్."

"లోపల్నించి ఏమైనా పడ్డాయా?"

"నల్లటి ఇసకలాంటిది రాలింది సార్. చెత్త అనుకుని ఊడ్చేశాను."

ఆయుధ పూజ అయి రెండు నెలలు. సవరిముత్తు కేసు ఏడు వారాలు. సన్నటి తూకానికే తీసే ఆ రాళ్ల పెట్టె మధ్యలో మళ్లీ తెరవలేదు. ఆ లెక్క గదిలో ముగ్గురూ వేసుకున్నారు.

మాసిలామణి బయటికి వచ్చి కూర్చుని, సీసాలో నీళ్లు తాగి, మూత బిగించాడు. "రేపు నూట ఇరవై కాటాలూ తీసుకురా. ఇంకో రాళ్ల పెట్టె ఉంది. దాంతో చూస్తాను," అన్నాడు. ఆమె కళ్లలోకి చూడలేదు.

*

గురువారం పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే సాయంత్రం ఆరైంది. నూట ఇరవై కాటాలూ మట్టం చూపే బుడగ మధ్యకొచ్చేలా సరిచూసి, పావుగంట వేడెక్కనిచ్చి, ఏడు బరువులూ పెట్టి చూశాడు మాసిలామణి. భోజనానికి లేవలేదు. పూంగోదై తెచ్చుకున్న పులిహోర డబ్బా సంచిలోనే ఉండిపోయింది. ప్రతి కాటాకీ కింద తీగ గుచ్చి, సీసపు బిళ్ల వేసి, పట్టుకారుతో ముద్ర నొక్కుతుంటే ఆ చప్పుడు గదిలో ఒకే తీరుగా వినపడింది. ఒక్కటీ పోలేదు.

చివర్న కాగితం ఆమె ముందుకి తోశాడు. రాళ్ల పెట్టె నంబరు అన్న చోట కొత్త నంబరుంది. సోమవారం మెమో గురించి ఒకే ఒక్క వాక్యం: పాలనాపరమైన కారణాల వల్ల ఉపసంహరించడమైనది.

పూంగోదై ఆ వాక్యం రెండుసార్లు చదివింది. రాయి మాట ఎక్కడా లేదు. పెన్ను పట్టుకునే ఉంది. సార్, అని మొదలుపెట్టబోయింది. ఆయన కిటికీవైపు తిరిగి తొడుగులు మడత పెడుతున్నాడు. మర్నాడు పొద్దున లారీలు రావాలి. సంతకం చేసింది.

వరండాలో సవరిముత్తు ఉన్నాడు. అటెండరు ఆయనకి సోమవారం రమ్మని చెప్పి వెళ్తున్నాడు. ఆయన లేచి, గొడుగు తీసుకుని, పూంగోదైని చూసి ఆగాడు.

"పాసయ్యాయా తల్లీ?"

"అయ్యాయన్నా."

"రాయి మార్చారా?"

అవునని నాలుక చివరిదాకా వచ్చింది. వెనక గదిలో మాసిలామణి ఉన్నాడు, కింద వ్యానులో కూలీలు పెట్టెలు సర్దుతున్నారు, ఫోనులో అళగప్పన్ పేరు వెలిగి ఆరుతోంది.

"నాకు తెలీదన్నా. ఆయనే చూశారు."

"మంచిది. పిల్లలకి కాటాలు కావాలి," అన్నాడు సవరిముత్తు. తన షీటు ఇమ్మని కూడా అడగలేదు. గొడుగు వేసుకోకుండానే మెట్లు దిగి వానలోకి వెళ్లిపోయాడు.

ఆమె వ్యానులో డ్రైవరు పక్కన కూర్చుంది. ఇంటికి వెళ్లి అన్నం వండింది. కూతురు ఏదో పరీక్ష గురించి చెబితే ఊ కొట్టింది. భర్త "ఏమైంది, పనయిందన్నావుగా?" అంటే "అయింది" అంది.

*

శుక్రవారం తొమ్మిదింటికల్లా లారీలు బయల్దేరాయి. అళగప్పన్ గోడౌను గుమ్మంలో కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, అందరికీ తనే టీలు తెప్పించాడు.

"నువ్వు లేకపోతే మునిగిపోయేవాళ్లం పూంగోదై," అన్నాడు.

"సార్, నేను ఒక పూట సెలవు తీసుకుంటాను. రాయపురం ఆఫీసుకి వెళ్లాలి."

"మళ్లీ ఎందుకు? ముద్ర పడిందిగా?"

చెప్పింది. రాయి సంగతి, గుబ్బ సంగతి, సవరిముత్తు సంగతి, అవసరమైతే ఫిర్యాదు రాసే సంగతి. అళగప్పన్ టీ గ్లాసు గోడౌను మెట్టు మీద పెట్టి, ఆఖరిదాకా విన్నాడు. చెడ్డమనిషి కాదు ఆయన. కరోనా ఏడాది ఎవరికీ జీతం ఆపలేదు.

"చూడమ్మా, ఆ ముసలాయనకి అన్యాయమే జరిగింది. కాదనను. కానీ నెలకి మూడుసార్లు ఆ మెట్లు మనం ఎక్కాలి. ఈయన పోతే ఇంకొకడొస్తాడు. డిపార్ట్‌మెంటు మీద రాసిన కంపెనీ అని ఒకసారి పేరు పడితే, వచ్చేవాడు మన సరుకుకి గ్రాములు కాదు, గాలి బరువు కూడా చూస్తాడు. ఇక్కడ ఏడు కుటుంబాలున్నాయి."

"నా పేరు మీదే రాస్తాను సార్."

"నీ పేరంటే ఎవరు? నా కాగితాలు పట్టుకుని తిరిగే మనిషి. నువ్వు రాసేదాని మీద మన కంపెనీ పేరు కనపడిందో, సోమవారం నువ్వు రానక్కర్లేదు. కోపంతో అనడం లేదు నేను."

అది ఆమెకి తెలుసు. అయినా ఆటో ఎక్కింది.

మాసిలామణి గదిలో ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద ఏ పరికరమూ లేదు. తెల్లకాగితాల దొంతర ఉంది, పక్కన చెత్తబుట్టలో చింపిన కాగితాలున్నాయి. ఆమె నిలబడే ఉంది.

"సార్, సవరిముత్తు అన్న సంగతి ఏం చేస్తారు?"

"కూర్చో."

"నిన్న నేను సంతకం చేయకూడదు సార్. చేశాను. అది నా తప్పు. కానీ ఆయన మళ్లీ సోమవారం వచ్చి ఆ బెంచీ మీద..."

"కూర్చోమన్నాను."

కూర్చుంది. మాసిలామణి చెత్తబుట్టని కాలితో కొంచెం ముందుకి జరిపాడు. "నాలుగుసార్లు రాశాను, బుధవారం నుంచి. నాలుగో లైను దగ్గర చెయ్యి ఆగిపోతోంది. ఆగకపోయినా లాభం లేదు. నా మీద నేను రాసుకున్నది పైకి పంపితే, పద్నాలుగు రోజుల్లో పోయేవాడికి ఇదేం పిచ్చి అని పైవాళ్లు సొరుగులో పెట్టేస్తారు. నా మీద దయతో పెడతారు. ఆ దయలో సవరిముత్తు మిగిలిపోతాడు." కాగితం ఒకటి తీసి ఆమె ముందు పెట్టి, తన పెన్ను మూత తీసి దాని మీద ఉంచాడు. "బయటి మనిషి ఫిర్యాదు ఇచ్చి, దానికి నంబరు పడితే, నెలలోగా జవాబు చెప్పితీరాలి. రాయి. నేను చెబుతాను."

ఆమెకి వెంటనే అర్థం కాలేదు. "మీ మీద ఫిర్యాదు, మీరే చెబుతారా సార్?"

"నీకు ఈ భాష రాదు. సగం తప్పులు రాస్తావు, వాటిని పట్టుకుని తోసేస్తారు. పైన మీ ఇంటి అడ్రసు రాయి."

రాసింది. ఆయన కిటికీ దగ్గర నిలబడి, సెలవు చీటీ చెప్పినంత నిదానంగా చెప్పుకుంటూ పోయాడు. తారీఖులు, కేసు నంబరు, తొమ్మిది కాటాలు, రాయి మీది గుర్తు. మధ్యలో ఆగి ఆమె భుజం మీదుగా వంగి చూసి, "వాక్యం అక్కడ పూర్తిచెయ్యి. పొడుగైతే చదవరు," అన్నాడు.

"మీ కంపెనీ పరీక్షా పత్రం నంబరు రాయి."

పూంగోదై తలెత్తింది. "అది లేకుండా కుదరదా సార్?"

"కుదరదు. రెండు షీట్లు పక్కపక్కన ఉంటేనే కేసు. ఒక్కటే ఉంటే అతను మొదట్నించీ చెబుతున్న మాటే." ఆమె మొహం చూసి, "ఇబ్బందైతే ఇక్కడితో ఆపేద్దాం. నేను నిన్నేమీ అనుకోను," అన్నాడు.

గోడౌను తాళంచెవులు ఆమె సంచిలో ఉన్నాయి. పదకొండేళ్లుగా పొద్దున ఆ తాళం తీసేది ఆమే. కూతురికి ఇంకో నాలుగు నెలల్లో పెద్ద పరీక్షలు. నంబరు రాసింది. రాయడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"ఇది సంబంధిత అధికారి..." అని ఆయన మొదలుపెట్టి ఆగాడు. ఆమె తనంతట తానే 'పొరపాటు' అని రాసింది. ఆయన చూసి తల అడ్డంగా ఊపాడు.

"కొట్టెయ్. నిర్లక్ష్యం అని రాయి."

"ఏకాంబరం విప్పితే మీరేం చేస్తారు సార్?"

"ఏకాంబరం పేరు ఎక్కడా రాయకు." మాసిలామణి అల్మారా తెరిచి ఎర్ర అట్ట రిజిస్టరు తీసి, పేజీ తిప్పి ఆమె ముందు పెట్టాడు. "ప్రతి నెలా ఈ రాళ్లని లోపలి రాళ్లతో సరిచూడాలి. సరిచూసి ఇక్కడ సంతకం పెట్టాలి. అక్టోబరులో సంతకం ఉంది. నవంబరులో ఉంది. నేను సరిచూడలేదు. మూడేళ్ల నుంచి చూడటం లేదు. ఎప్పుడూ తేడా రాదు కదా అని, పేజీ తిప్పి సంతకం పెట్టేవాణ్ణి. నవంబరు సంతకం ఆరో తారీఖుది. ఆరో తారీఖున నేను మా చెల్లెలి ఇంట్లో మదురైలో ఉన్నాను. సెలవు చీటీ ఆఫీసులోనే ఉంది."

పూంగోదై పెన్ను ఆగిపోయింది. టీ చుక్క తాగని మనిషి. ఆయన దగ్గరికి వచ్చేముందు ఆమె తన కాగితాలు మూడుసార్లు చూసుకునేది, ఒక్క చుక్క తప్పున్నా ఆయన పట్టేస్తాడని.

"ఇది నాకెలా తెలిసిందని అడిగితే?"

"నీకు తెలుసని రాయకు. సరిచూసిన పుస్తకాన్నీ, అధికారి సెలవుల పుస్తకాన్నీ తెప్పించి పోల్చి చూడవలసిందిగా కోరుతున్నాను, అని రాయి. పోల్చితే తెలుస్తుంది. రాశావా? కింద సంతకం. పేరు విడిగా, పెద్ద అక్షరాలతో."

ఆయన దాన్ని తీసుకుని మొదట్నించి చివరిదాకా ఒకసారి చదివాడు. సున్నా ఒకటి సరిగ్గా లేదని దిద్దించాడు. ముందుగదిలో గుమాస్తా దగ్గరికి ఆమె వెనకే వచ్చి, ముద్ర పడి, నంబరు వేసి, రసీదు ముక్క చించి ఆమె చేతికిచ్చేదాకా నిలబడ్డాడు. గుమాస్తా కాగితం చదివి ఆయన మొహంకేసి చూశాడు. "నంబరు వెయ్యవయ్యా," అన్నాడు మాసిలామణి.

ఆ మధ్యాహ్నం ఆమె అళగప్పన్‌కి ఫోను చేసి ఫిర్యాదులో కంపెనీ షీటు నంబరు రాశానని చెప్పింది. ఆయన, "సోమవారం వచ్చి తాళాలు ఇచ్చి వెళ్లు," అన్నాడు. "లెక్క చూసి ఇచ్చేస్తాను," అని కూడా అన్నాడు.

వ్యాసర్‌పాడి చేరేసరికి నాలుగైంది. సవరిముత్తు కళ్లజోడు లేక కాగితం దూరంగా పట్టుకుని, కిటికీ వెలుతుర్లో నిలబడి, ఫిర్యాదు నకలు చదివాడు. ఒక చోట ఆగి వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు. ఆయన భార్య వంటింటి గుమ్మంలో తడిచేతులతో నిలబడి ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"ఈ మాటలు నీవి కావు తల్లీ."

"కావన్నా. సారే చెప్పారు. నేను రాశాను."

"పుస్తకం సంగతి కూడా?"

"అది కూడా."

సవరిముత్తు నేల మీద కూర్చుండిపోయాడు. కాగితం మోకాలి మీద పరిచి అరచేత్తో నిమిరాడు. ఆమె ఆయన ఏడుస్తాడేమో అనుకుంది. ఏడవలేదు. కోపం కూడా కనపడలేదు, ఏదో లెక్క కుదరనివాడిలా కనుబొమలు ముడిచి కూర్చున్నాడు. కొంతసేపటికి లేచి, లుంగీ విప్పి పంచె కట్టుకుని, మేకుకున్న చొక్కా తీసుకున్నాడు.

"ఎక్కడికన్నా? ఇవాళ విన్నపాల రోజు కాదు."

"ఆయన దగ్గరికి."

"పోట్లాడ్డానికా?" అంది ఆయన భార్య.

"ఏమో." బొత్తాలు పెట్టుకోడం సగంలో ఆపి ఆలోచించాడు. "ఏడు వారాలు నేను అక్కడ ఒక్కణ్ణే కూర్చున్నాను. పక్కన ఎవరూ కూర్చోలేదు. ఇవాళ్టి నుంచి ఆయన పక్కనా ఎవరూ కూర్చోరు."

మిగిలిన బొత్తాలు పెట్టుకుని, చెప్పులు వేసుకుని సందులోకి దిగాడు. ఆఫీసు మూసేలోపు చేరాలని కాబోలు, వెనక్కి చూడకుండా గబగబా నడిచాడు.